కొండవాగులో దోనె

మన ధర్మశాస్త్రకారులు సాహసమను మాటను మెచ్చుకోలుగా వాడలేదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో సాహసమొకటి. బలిమిచే నొరుల సొత్తు హరించుట మొదలగు దౌర్జన్యములకు అది పేరు. రాజు విధించు జుల్మానాలకు సైతము ప్రథమ సాహసము, మధ్యమ సాహసము, ఉత్తమ సాహసము అని యంతరువులు గలవు. నేడో, ఆ మాటకే మనము పతకములు తగిలించుచున్నాము. మండుచున్న యింట జొచ్చి పసిబిడ్డను వెలికి దెచ్చినవాడును సాహసియే. స్నేహితులు చప్పట్లు కొట్టుచుండగా వంతెనమీదనుండి యేటిలోనికి దుమికినవాడును సాహసియే. ఇట్టి వేర్వేఱు కార్యములు ఒక్క గొడుగు క్రింద నిలిచియుండగా, అందు మెచ్చదగినదేదో, నిందింపదగినదేదో విడదీసి చూచుట యవసరము. ఆ విమర్శకు మేమొక చిన్న విషయమును తీసికొనుచున్నాము. అది యిఱుకైన కొండవాగులో దోనె నడపుట.

చదువరులలో ననేకులకు ఈ వినోదము క్రొత్తదై యుండవచ్చును గనుక దాని స్వరూపము కొంచెము చెప్పవలయును. దోనె యెనిమిది తొమ్మిది అడుగుల పొడవు గలది. ఒక్కని కొఱకే చేయబడినది. దట్టమైన ప్లాస్టిక్కుతో పోతపోసినది. నడపువాడు నడుమువఱకు దానిలో దూరి కూర్చుండి, నీరు లోనికి జొరకుండ నడుము చుట్టును ఒక రబ్బరు గుడ్డను బిగించికొనును. తలకు గట్టి టోపీ, మేనికి తేల్చెడు చొక్కా, చేత రెండు కొనలను ఆకులు గల తెడ్డు. ఇంతటితో వాడు బండల నడుమ నురుగులు గ్రక్కుచు దిగు వాగులో ప్రవేశించి, మెట్టునుండి మెట్టునకు దుముకుచు క్రిందికి పోవును. వాడు చేపలు పట్టుటకు పోవుట లేదు. సరకు చేరవేయుటకు పోవుట లేదు. దిగువ రేవున వానికి పనియు లేదు. దిగిన పిమ్మట దోనెను భుజముపై నెత్తికొని, మరల ఎగువకు నడచి, మఱియొకమాఱు దిగువారును కలరు!

దీనిని విన్న పెద్దలు, దేహము ధర్మమునకు సాధనము గదా, దానినిట్లు రాళ్లపై విసరివైచుట దోషము కాదా యందురు. యువకులు, ప్రాణము మాది, దానితో మేమేమి చేసికొన్నను ఒరులకేమి యందురు. ఈ రెండు తీర్పులును వాగు మొగము చూడకముందే వ్రాయబడినవని మా యభిప్రాయము.

కావున మొదట వాగునే చూతము. అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రమున, సలూడా యను చిన్న పట్టణమునకు సమీపమున, గ్రీన్ అను నది బ్లూ రిడ్జి కొండల యంచునుండి దిగును. ఆ దిగుచోట దానిని నది యనుటకంటె వాగనుటయే తగును. రెండు ప్రక్కలను కొండ దరిసి వచ్చి, నీటికి త్రోవ యెంత కావలయునో అంతకంటె తక్కువయే విడిచినది. ఎగువనున్న ఆనకట్ట నుండి విద్యుచ్ఛక్తి కొఱకు నీరు విడుచుచుండుటచేత ఏడాది పొడవునను అచ్చట దోనెలు దిగుటకు వీలు కలిగెను. 1996 మొదలుకొని నవంబరు నెలలో అచ్చట పందెమొకటి జరుగుచు వచ్చినది. ఆ వాగులో గొరిల్లా యని పేరు పడిన దుముకొకటి కలదు. నీరంతయు ఒక దోనె మాత్రము పట్టు సందులో దూరి, వెంటనే పలుమార్లు మనిషి నిలువు లోతునకు పడును. పందెము నాడు జనులు అడవిత్రోవను నడచివచ్చి ఆ దుముకు చుట్టునున్న బండలమీద గూర్చుండి చూచుచుందురు. వారి కేకలు నీటి హోరును మించుచుండునట. ఈ ప్రేక్షకులను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. వీరితో మాకు తరువాత పని యున్నది.

వాగు చిన్నదైనకొలది అపాయము చిన్నదగునని తోచును. ఇది పొరబాటు. గోదావరి వంటి పెద్దనదిలో తిరగబడినవానికి కొట్టుకొని పోవుటకు చోటుండును. నీరు వానిని మోసికొని పోయి నెమ్మదియైన మడుగులో విడువవచ్చును. ఇఱుకు వాగున అట్టి చోటు లేదు. ఒక బారెడు ప్రక్కకు తప్పినచో బండ క్రిందికి తొలిచిన గుహ యుండును. రాళ్ల సందులనుండి నీరు పోవును గాని మనుష్యుడు పోలేడు. అడ్డముగా పడిన చెట్టు మఱియు భయంకరమైనది. జల్లెడలో పిండి జాఱి పొట్టు నిలిచినట్లు, కొమ్మల నడుమ నీరు సాగిపోయి దోనెయు మనిషియు నిలిచిపోవుదురు. ఘనమీటరు నీరు వేయి కిలోల బరువు. వడి రెట్టింపైనచో త్రోపు నాలుగింతలగును. అట్టి నీరు వీపున నొత్తుచుండ, కొమ్మకు తగులుకొన్నవాడు తన బలముతో విడిపించుకొనుట కల్ల. ఇక దుముకు క్రింద నీరు తెల్లగా కనబడుట కేవలము శోభ కొఱకు కాదు. అందు గాలి కలిసియున్నది. గాలి కలిసిన నీరు దోనెను తేల్చదు, తెడ్డునకు పట్టు నీయదు, ఈతగానిని మోయదు. పైపెచ్చు దుమికిన నీరు వెనుకకు మరలి తనలో తానే తిరుగుచు, చిక్కినదానిని మరల మరల ముంచును. మన పల్లెల ప్రక్కనున్న చిన్న ఆనకట్టల క్రిందను ఇదియే జరుగుచున్నది. నున్నగా, ఒకే తీరుగా, పొర్లుచున్న ఆ నీటిని జూచి బాలురు ఆటకు దిగుచున్నారు. చూచుటకు సాధువుగా నున్న ఆ చోటు గర్జించెడు జలపాతముకంటె క్రూరమైనది.

ఈ విద్య వినోదము గాక పూర్వము ఒక జాతికి బ్రతుకుదెరువు. ఉత్తర ధ్రువప్రాంతమునందలి ఇనూయిట్ జనులు సీలు చర్మమును చట్రముపై బిగించి ఈ దోనెలను జేసి, మంచుసముద్రములో వేటాడి కుటుంబములను పోషించుకొనిరి. కయాకు అను పేరు వారిదే. తిరగబడిన దోనెను, అందుండి వెలికి రాకయే, తెడ్డు విసరుతో మరల నిలువబెట్టు నేర్పును వారిదే. ఆ మంచునీట దోనెను విడిచి యీదువాడు బ్రతుకడు గనుక వారికది తప్పనిసరి యయ్యెను. ఆస్ట్రియా దేశీయుడైన పావ్లాటా 1927లో దానిని నేర్చి ఐరోపీయులలో మొదటివాడుగా పేరొందెను. ఆంగ్లేయుడైన గినో వాట్కిన్స్ గ్రీన్లండులో ఆ జనుల యొద్దనే నేర్చి, నేర్పరి యని వారిచేతనే యనిపించుకొనెను. 1932 ఆగస్టులో అతడు సీళ్లవేటకు ఒంటరిగా దోనెలో పోయెను. దోనె నీటిపై తేలుచు కనబడెను; మనిషి మరల కనబడలేదు. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదేండ్లు. అతని నేర్పునందు లోపమున్నదని చెప్పువారు లేరు. ప్రక్కన రెండవ దోనె లేకపోవుటయే ఈ వృత్తాంతములో మమ్మాలోచింపజేయు విషయము.

ఇప్పుడు ధర్మవిచారమునకు వత్తము. జాన్ స్టూవర్టు మిల్లు 1859లో ప్రకటించిన స్వాతంత్ర్యమను గ్రంథమున ఒక వంతెన యుదాహరణము కలదు. కూలుటకు సిద్ధముగా నున్న వంతెనమీదికి ఒకడు తెలియక పోవుచున్నాడు. వానికి చెప్పుటకు వ్యవధి లేదు. అప్పుడు వానిని పట్టి వెనుకకు లాగుట వాని స్వేచ్ఛకు భంగము కాదు. ఏలయన నీట బడవలెనని వాని కోరిక కాదు. కాని వంతెన స్థితి యెఱిగియు, పడుట నిశ్చయము గాక సంశయముగా మాత్రమే యున్నపుడు, స్వస్థచిత్తుడైన పెద్దవాడు పోదునన్నచో, హెచ్చరించుటవఱకే మన యధికారమని యాతని మతము. యువకుల వాదమునకు ఇంతకంటె మంచి వకీలు దొరకడు. మేమును ఈ వాదమును చాలవఱకు అంగీకరింతుము. ఐనను మిల్లు వంతెన క్రింద మఱియొక మనుష్యుడు లేడు. వాగులోనో, ఉన్నాడు. దుముకునకు దిగువ, తడిసిన బండమీద, సంచిలో చుట్టిన త్రాటిని చేతబట్టి నిలిచినవాడొకడుండును. దిగినవాడు చిక్కుకొన్నచో త్రాడు విసరవలసినవాడు, త్రాడు చాలనిచో నీటిలోనికి తానే పోవలసినవాడు అతడే. కావున ప్రాణము నాది యను మాట అచ్చటనే అసత్యమగుచున్నది. దిగువాడు తన ప్రాణముతోపాటు ఆ త్రాటి కొననున్నవాని ప్రాణమునుగూడ కొంత పందెమున నొడ్డుచున్నాడు.

దోనెగాండ్రు ఈ సంగతిని మనకంటె ముందే గ్రహించిరి. 1954లో ఏర్పడిన అమెరికన్ వైట్‌వాటర్ అను సంఘము 1959లోనే ఒక రక్షణ నిబంధనావళిని అంగీకరించెను. ఒంటరిగా పోరాదు, కనీసము ముగ్గురు మనుష్యులైనను, రెండు దోనెలైనను ఉండవలయును. త్రోవ కనబడనిచో ఒడ్డున దిగి చూడవలయును. తాను దిగునో, దోనెను మోసికొని గట్టున నడచునో, ప్రతివాడును తనకు తానే నిశ్చయించుకొనవలయును; తగినదికాని చోట దిగుమని యితరులు పెట్టు ఒత్తిడిని త్రోసిపుచ్చవలయును. ఈ చివరి నియమము మాకు మిక్కిలి విలువగలదిగా తోచినది. ధైర్యమును గూర్చి పెద్ద గ్రంథములు వ్రాసినవారు యుద్ధభూమిని తలచిరే గాని, యుద్ధమునకు ముందు ఇంటికి పోవచ్చునన్న స్వేచ్ఛ యున్నచోట ధైర్యమెట్లుండునో అంతగా తలపలేదు. అరిస్టాటిలు మాత్రము, ధైర్యమును పిరికితనమునకును తెగువకును నడుమ నుంచుచు, భూకంపమునకు గాని అలలకు గాని వెఱవనివాడు ధీరుడు కాడు, ఉన్మత్తుడో మొద్దో కావలయుననెను. ఆయన అలల మాట యెత్తుట మాకు సంతోషము.

నిపుణుడైన దోనెగానిని గమనింపుడు. వాడు దుముకునకు ఎగువననే దోనెను ఒడ్డునకు చేర్చి దిగును. బండమీద నిలిచి చాల సేపు నీటిని చూచును. ఒక పుల్లను విసరి అదెట్లు పోవునో చూచును. ఎచ్చట నీరు త్రిప్పుచున్నది, ఎచ్చట లాగుచున్నది, పడినచో ఎచ్చట తేలుదును, త్రాడు పట్టువాడెచ్చట నిలువవలయును అని తోడివారితో మాటలాడును. ఆ పిమ్మట, నిన్న దిగినచోటనే, నేడు దిగనని చెప్పి దోనెను భుజమున వేసికొని నడచి పోవును. అట్లు నడచువాని మొగమున సిగ్గు కనబడదు. ఈ బండమీది ఘడియలలో జరుగునదే ఈ విద్యలోని ధర్మమంతయు నని మాకు తోచుచున్నది. తరువాత దుముకుటయందు చేతులకును నడుమునకును పని. ఇచ్చట మనిషికి పని. తన శక్తి యెంతయో అబద్ధమాడకుండ లెక్కించుట, తెలియనిదానిని తెలియదనుట, పదిమంది యెదుట వద్దనుట, ఇవి మూడును సభలలో ఉపన్యసించువారికిని దుర్లభములు.

నిన్న తెలిసినది నేటికి చాలదనుట అలంకారముగా వ్రాసినది కాదు. 2024 సెప్టెంబరు చివర హెలీన్ అను తుపాను ఆ కొండలమీద కురిసిన వానకు గ్రీన్ నది పొంగి, కొండచఱియలు విఱిగిపడి, బండలు దొర్లి, చెట్లు కూలి, ఆ యిఱుకులోని దుముకులనేకము రూపు మాఱిపోయినవి. ఇరువది ముప్పది యేండ్లుగా ఆ వాగును ప్రతి వారమును దిగి, కన్నులు మూసికొని చెప్పగలిగినవారు, మరల ఒడ్డున దిగి, క్రొత్తవారివలె, ఒక్కొక్క రాతిని చూచి నేర్చుకొనవలసివచ్చెను. పాండిత్యము ఒక రాత్రిలో కొట్టుకొని పోవుట మన విద్వాంసులకు కూడ అప్పుడప్పుడు జరుగునెడల బాగుండునని యొక చిలిపి తలంపు కలుగుచున్నది.

అట్లయిన నిందింపదగినదేదియు లేదా? కలదు. బండలమీద గూర్చుండి కేకలు వేయువారిని జ్ఞాపకముంచుకొనుడంటిమి. మోసికొని పోవువానిని జూచి నవ్వినవాడు, దిగమని కనుసైగ చేసినవాడు, పడినపుడు చిత్రము బాగుగ వచ్చునని యంత్రమును సవరించుకొన్నవాడు, వీరు తాము తడియకుండ ఒరుని ప్రాణమును పందెము కాయుచున్నారు. మా దృష్టిలో శాస్త్రకారుల సాహసపదము వీరికే చక్కగా అతుకును. ఏలయన ఒరుని నిశ్చయమును బలిమిచే హరించుటయు అపహరణమే. ఎగతాళి చేతికఱ్ఱకంటె తక్కువ బలిమి కాదు. పండ్రెండేండ్ల కుఱ్ఱవానిని బావి గట్టుమీద నిలిపి నీవాడుదానవా యని యడుగు పెద్దలు మన యిండ్లలోనే యున్నారు. ఆ ప్రశ్నలో రెండు పాపములున్నవి: బాలుని బుద్ధిని చంపుట యొకటి, ఆడుదాని నవమానించుట మఱియొకటి.

ఒడ్డున నిలిచి చూచు హక్కు అందఱకును లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు నొద్ద, పాపికొండలు చూడబోవువారితో నిండిన పడవ మునిగి అనేకులు మరణించిరి. నది వరదలో నుండెను. ఆ ప్రయాణికులు టిక్కెట్టు కొనిరి గాని అపాయమును కొనలేదు. నీటి వడి యెంతయో, ఆ మలుపులో సుడి యెట్టిదో వారికి చెప్పినవారు లేరు. వద్దని దిగిపోవుటకు నడుమ రేవు లేదు. సమీపగ్రామముల గిరిజనులు తమ చిన్న పడవలను వేసికొని పోయి కొందఱిని కాపాడిరి. ఆ గిరిజనులు ఆ వరదనీటి నెఱుగుదురు, ఎఱిగియే పోయిరి. మెచ్చుకోలు మాటలు మన యొద్ద మిగిలియున్నచో మొదట వారికీయవలయును. అట్లే, కూలి కొఱకు ఊపిరాడని మురుగుగోతిలో దిగువానిని ఎవ్వరును సాహసి యని పిలుచుట లేదు. అట్టి పనికి మనుష్యులను దింపుట 2013 నాటి చట్టముచే నిషేధింపబడియు, మరణములు నిలువలేదు. దోనెగానికిని వీనికిని భేదము అపాయము యొక్క పరిమాణములో లేదు. ఒకడు నేడు దిగనని చెప్పి సాయంకాలము అన్నము తినగలడు, రెండవవాడు చెప్పలేడు. దేహము ధర్మసాధనమని యువకుని మందలించు పెద్దలు, ఈ రెండవవాని దేహమును గూర్చి మునిసిపాలిటీవారి నొక్క ప్రశ్న యడిగినచో వారి మందలింపునకు బరువు హెచ్చును.

మన గృహములలో అపాయమును గూర్చిన శిక్ష యంతయు ఒక్క మాటతో ముగియుచున్నది: నీళ్ల దగ్గఱకు పోవద్దు. ఈ నిషేధము బిడ్డలను కాపాడుట లేదు. ఎన్నడును ఈత నేర్వనివారు సెలవుదినమున జలపాతముల యొద్దకు గుంపుగా పోయి, ఒకడు జాఱగా వానికై మఱియొకడు దిగి, ఇరువురును మునిగిన వార్త ప్రతి వర్షాకాలమున పత్రికలలో వచ్చుచునే యున్నది. మోకాలిలోతు వడినీటిలో నిలువబడబోయినవాని పాదము రాళ్ల నడుమ జిక్కుననియు, అట్టిచోట వెల్లకిల తేలి కాళ్లు దిగువకు చాచి పోవలెననియు చెప్పుటకు ఎంత సేపు పట్టును? భయమును మాత్రము నేర్పి నేర్పును నేర్పనివారు, బిడ్డలకు ఆయుధమీయక శత్రువు పేరు మాత్రము చెప్పినవారగుచున్నారు. ఆడపిల్లల విషయములో ఈ లోపము మఱియు హెచ్చు. కేరళములో కోళిక్కోడు జిల్లాలోని కోడంచేరి ప్రాంతమున, చాలిప్పుళ, ఇరువంజిప్పుళ అను కొండవాగులలో, మలబారు నదీ ఉత్సవము 2013లో ఆరంభమయ్యెను. వానకాలపు ఆ నీటిలో పురుషులవలెనే స్త్రీలును పోటీపడి, గెలిచినవారు రాపిడ్ రాణి యను బిరుదు నందుచున్నారు. మన కాలువగట్టు గ్రామములలో బాలికలకు ఈతయైనను నేర్పని తల్లిదండ్రులు ఆ పందెముల నొకమాఱు చూచివచ్చుట మంచిది.

ఇక మిగిలిన చిక్కు ఇంటిది. త్రాడు పట్టినవాడు తెలిసియే ఒడ్డున నిలిచెను; వాని సమ్మతి యున్నది. ఇంటనున్న భార్యయు, ఒడిలోని బిడ్డయు? బిడ్డ సమ్మతింపజాలదు. అట్లని బిడ్డలు గలవారెవ్వరును అపాయమున నడుగిడరాదన్నచో జాలరి వలను, గనికూలి గడ్డపాఱను విడువవలసివచ్చును. వారు బిడ్డ కొఱకే పోవుచున్నారు, వీడు తన యానందము కొఱకు పోవుచున్నాడు అని మీరందురు. నిజమే. ఆనందమునకు గృహస్థుని జీవితములో చోటే లేదని మేము మాత్రమనజాలము. అట్టి యింట పెరిగిన బిడ్డ అదృష్టవంతుడని కూడ అనజాలము. అయినను పెండ్లికి ముందు దిగిన ప్రతి దుమికిని పెండ్లియైన పిమ్మటను దిగవలెనను నియమమెచ్చటను లేదు. ఆ బండమీది లెక్కలో రాళ్లును, నీటి వడియు, తన భుజబలమును మాత్రమే కాక, ఇంటనున్నవారును చేరవలయును. ఈ విషయమున నొక చిన్న పరీక్ష మాకు తోచుచున్నది. రేపు తాను దిగబోవు చోటెట్టిదో, ఎవరు తోడు వచ్చుచున్నారో, ఏది తనకు భయముగా నున్నదో, వాడు ఈ రాత్రి భోజనము వేళ భార్యకు దాచకుండ చెప్పగలుగుచున్నాడా? స్నేహితుల పెండ్లికి పోవుచున్నానని చెప్పి దోనెను బండిలో పెట్టుకొని పోవువాడు కలడు. వానికి త్రాడు పట్టుటకు తోడివారు నిరాకరింపవలయును.